సిగ్నల్ వినియోగదారుల సంఘం

ప్రకృతి వనరులన్నిటిలోనూ న్యాయంగా పంచడానికి వీలైనది సెల్‌ఫోన్ సిగ్నల్ ఒక్కటేనని, కోడేరుకు అవతల ఉన్న మా ఊరు 2005లో నిరూపించింది. పంపకాల్లో మాకు అంతకుముందే అనుభవం ఉంది. కాలువ రాకముందే మా ఊరికి నీటి సంఘం వచ్చింది. (కాలువ ఇంకా రాలేదు. సంఘం మాత్రం క్రమం తప్పకుండా సమావేశమవుతుంది.)

సిగ్నల్‌ను కనిపెట్టినవాడు భానుప్రకాశ్. వేరుశనగ రైతు కొడుకు. వనపర్తిలో బీఎస్సీ చదివి వచ్చాడు. పాత రేడియోలు విప్పడం, పనిచేస్తున్న టీవీలను బాగుచేయడం, గద్వాలలో దొరికే తుక్కు సామాను సంచినిండా మోసుకురావడం అతనికి ప్రాణం. "కందులు ఆరబోద్దమంటే మిద్దె మీద కాలు పెట్టనీకి జాగ లేకపాయె" అని తల్లి భీమమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది.

ఊళ్లోకి మొదటి సెల్‌ఫోన్ తెచ్చింది కూడా అతనే. దాన్ని తలపైకి ఎత్తిపట్టుకుని చేను చేనూ తిరుగుతుంటే, గట్లు కొలుస్తున్నాడేమోనని, గట్టు తగాదాలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు రాత్రికి రాత్రే రాజీపడ్డారు. చివరికి బడి వెనక ఉన్న పెద్ద రాతిగుండు ఎక్కి నిలబడితే ఫోన్‌లో రెండు గీతలు కనిపించాయి. భానుప్రకాశ్ అక్కడినుంచే కేక వేశాడు. ఊరంతా విన్నది.

అదే అతను చేసిన పొరపాటు.

ఏడాది తిరిగేసరికి ఇంటికో ఫోన్ వచ్చింది. సాయంత్రమైతే గుండు మీద చోటుకోసం తోపులాట మొదలయ్యేది. నీటి సంఘం అధ్యక్షుడు దశరథం ఆ జనాన్ని కిందనుంచి చాలాసేపు చూశాడు. పంచడానికి నీళ్లు లేక ఏళ్లుగా తల్లడిల్లుతున్న మనిషి.

"సిగ్నల్ ఊరుమ్మడి ఆస్తి. ఎవనికి తోచినట్ల వాడు వాడుకుంటే రేపు మన పిల్లలకేం మిగులుతది?" అని అడిగాడు.

అలా సిగ్నల్ వినియోగదారుల సంఘం పుట్టింది.

నియమాలు సరళంగానే ఉన్నాయి. పట్టా పాసుపుస్తకం ఉన్నవారు ముందు గుండెక్కాలి. కౌలుదార్లు తర్వాత, కూలివాళ్లు ఆఖరున. (నీటి సంఘం నియమాలనే తీసుకుని, 'తడి' అన్నచోటల్లా 'మాట' అని దిద్దారు.) ఫోన్ చేయాలనుకునేవారు ముందురోజు దరఖాస్తు ఇవ్వాలి. బయటినుంచి వచ్చే ఫోన్లకైతే, చేసేవాడే స్వయంగా వచ్చి దరఖాస్తు ఇవ్వాలి.

పొలం తండ్రి పేరున ఉండటంతో భానుప్రకాశ్ కూడా వెనక వరుసలోకి పోయాడు.

"ఏంది కాకా, గది నేను కనిపెట్టిన జాగనే కదా!"

"అందుకే నీ పేరు తీర్మానంల రాసినం. ఇగ లైన్ల నిలబడు."

భానుప్రకాశ్ ఇంటి వెనక వాడలో ప్రేమలత ఉండేది. ఆమె భర్త గోపి పుణెలో మేస్త్రీ కింద కట్టడాల పనికి పోయాడు. ఆమెకు నెలలు నిండాయి. గోపికి సొంత ఫోన్ లేదు. ఐతారం సాయంత్రం రోడ్డు పక్కన రూపాయి బిళ్లలు వేసే ఫోన్‌నుంచి ఆమెకు చేసేవాడు. ఇక్కడ ప్రేమలత వంతు వచ్చేసరికి అక్కడ అతని వంతు అయిపోయేది. పోయిన ఐతారమైతే గుండు మీద ఒక పట్టాదారు, నాగర్‌కర్నూల్‌లో ఉన్న అల్లుడు ఏం కూర తిన్నాడో వివరంగా కనుక్కుంటున్నాడు.

ఆమె దశరథం దగ్గరికి వెళ్లింది.

"పటేలా, నా పెనిమిటి పుణెల ఉన్నడు. ఆయనొచ్చి దరఖాస్తు ఎట్ల పెడ్తడు?"

"ఒక్కపారి వచ్చి పెట్టమను. ఏడాది దాంక మంజూరు చేస్తం."

"ఆయనొస్తే ఇగ ఫోనెందుకు పటేలా?"

దశరథం ఈ ప్రశ్నను తదుపరి సమావేశానికి వాయిదా వేశాడు.

ఈ సంగతి తెలిసి భానుప్రకాశ్‌కు కోపం వచ్చింది. కోపం వస్తే అతను ఏదో ఒకటి తయారుచేస్తాడు. నీళ్లు పడని బోరు పైపును మిద్దె మీద నిలబెట్టి, దానికి పాత టీవీ యాంటెనా కట్టాడు. దాన్ని వేలెడంత వేలెడంత తిప్పుతూ రెండు రోజులు ఎండలో కూర్చున్నాడు. తీగను కిందికి లాగి, దాని చివరను ప్రేమలత ఫోన్ వెనక అంటించాడు.

ఐతారం సాయంత్రం భీమమ్మ ఇంటి వసారాలో ఆ ఫోన్ మోగింది.

"ఏమే, ఎట్లున్నవ్? రెండు వారాలాయె, నీ గొంతు వినక పరేషానైన."

"నేను బాగనే ఉన్న. ఎప్పుడైనా కావచ్చన్నది దవాఖాన్ల డాక్టరమ్మ. నువ్వెప్పుడొస్తవ్?"

"మేస్త్రీని అడుగుత. మల్ల ఐతారం చేసి చెప్త. నువ్వైతే భయపడకు."

ప్రేమలత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. భీమమ్మ కూడా ఒత్తుకుంది. భానుప్రకాశ్ ఫోన్ వైపే చూస్తూ, "మూడు గీతలు!" అన్నాడు.

మర్నాడే సంఘం అతన్ని పిలిపించింది. అనుమతి లేకుండా ఇంట్లో సిగ్నల్ పండించడం నేరమని సభ్యులు తేల్చారు. భానుప్రకాశ్ తగాదాకు సిద్ధపడే వెళ్లాడు. కానీ దశరథం లేచి అతనికి కుర్చీ వేశాడు.

"నీ అసొంటి తెలివిమంతుడు లైన్ల నిలబడుడేంది? ఇయ్యాల్టి సంది నువ్వు సాంకేతిక సలహాదారువు. యాంటెనా సంఘం గదికి తెద్దాం. ఇంకా పెద్ద పైపు ఏపిస్త. హైదరాబాద్ నుంచి బూస్టర్ తెప్పిస్త."

"బూస్టరా?" అన్నాడు భానుప్రకాశ్. వెనక్కి చూసుకుంటే, అతను సంఘాన్ని అడిగిన ఆఖరి ప్రశ్న అదే.

తరువాతి ఐతారానికి అతని మెడలో గుర్తింపు కార్డు ఉంది. సంఘం గదిలో యాంటెనా పైపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గడప బయట పాసుపుస్తకాల వరుస. దాని చివర, నడుముకు చెయ్యి ఆనించుకుని ప్రేమలత. కొత్త పైపు పెద్దది కావడంతో సిగ్నల్ వరుస చివరిదాకా వచ్చింది. ఆమె చేతిలో ఫోన్ మోగింది.

అందరూ వెనక్కి తిరిగారు. దశరథం సలహాదారు వైపు చూశాడు.

"దరఖాస్తు పెట్టినవా, చెల్లె?" అని అడిగాడు భానుప్రకాశ్.

"గోపి చేస్తుండు అన్నా! నువ్వే కదా పోయిన వారం..." అంటూనే ప్రేమలత పచ్చ బటన్ నొక్కింది. "ఆఁ, చెప్పు. ఎప్పుడొస్తున్నవ్?"

"మేస్త్రీ సెలవిచ్చిండే! నేను గా..."

నియమం ప్రకారం భానుప్రకాశ్ లేచి యాంటెనా పైపును కొంచెం పక్కకు తిప్పాడు. ఎటు తిప్పితే సిగ్నల్ పోతుందో ఊళ్లో అతనొక్కడికే తెలుసు.