ఏనుగుగారి ఎంపిక కిటికీ

ఒక పెద్ద అడవిలో చెట్లకన్నా అర్జీలు ఎక్కువైపోయాయి. దాంతో పంచాయతీ ఆఫీసుకి కంప్యూటర్ తెప్పించారు. దానికి ప్రోగ్రాం రాసింది గిజిగాడనే టెంపరరీ ఉద్యోగి. గూడు అల్లినంత తేలిగ్గా కోడ్ అల్లేస్తానని చెప్పుకునేవాడు. నిజానికి పాత ప్రోగ్రాముల్లోంచి పుల్లా పుడకా లాక్కొచ్చి అతికించడమే వాడి విద్య. ఆ సంగతి వాడికొక్కడికే తెలుసు కనక గౌరవానికి లోటు లేదు.

ఆ ప్రోగ్రాంలో ఫైలు తెరవాలంటే అది ఏ ఫోల్డర్లో ఉందో, పేరేమిటో అక్షరం పొల్లుపోకుండా టైపు చెయ్యాలి. ప్రెసిడెంటు ఏనుగుగారు తొండంతో ఒక అక్షరం నొక్కితే అయిదు పడేవి. చెరువు పూడిక తీయించమని తాబేలు పెట్టుకున్న అర్జీ అలా తెరుచుకోకుండానే మూడు వానాకాలాలు గడిచాయి.

"గిజిగా, తెర మీద ఫైళ్ళన్నీ వరసగా కనపడే కిటికీ ఒకటి పెట్టరా," అన్నారు ఏనుగుగారు. "నేను తొండంతో ఒకదాన్ని చూపిస్తా. అది తెరుచుకుని ఆమోదం ముద్ర పడిపోవాలి."

నెల పడుతుందన్నాడు గిజిగాడు. ఆ కిటికీ రెడీమేడ్‌గా దొరుకుతుంది, పిలవడానికి నాలుగు లైన్లు చాలు. మిగతా నెలంతా వాడు తన సొంత పని చూసుకున్నాడు. వాడి ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితం కూడా అదే కంప్యూటర్లో ముద్ర లేక పడి ఉంది. నెలాఖరులోగా ముద్ర పడకపోతే ఇక ఇంటికే.

అందుకని కిటికీలో తన కాగితం తప్ప ఇంకేదీ కనపడకుండా దాచేశాడు. ఫైలు పేరు తనే నింపిపెట్టాడు. వద్దనే మీట పీకేశాడు. ఎంచుకోవడానికేమీ లేని ఎంపిక కిటికీ కనిపెట్టినందుకు తన రెక్క తనే తట్టుకున్నాడు.

ప్రారంభోత్సవం నాడు అందరూ వచ్చారు. కిటికీ తెరుచుకుంది.

"ఒక్కటే ఉందేమిట్రా?"

"తమకి శ్రమ లేకుండానండి."

తన అర్జీ ఏదని తాబేలు అడిగింది. తర్వాతి వెర్షన్లో వస్తుందన్నాడు గిజిగాడు.

ఏనుగుగారు నొక్కారు. ఇంకో చిన్న డబ్బా వచ్చింది: 'ఈ ఫైలు ఇప్పటికే ఉంది. దీని మీద రాసెయ్యమంటారా?'

గిజిగాడి ఈకలు నిక్కబొడుచుకున్నాయి. వాడు ఎక్కడినించో ఎత్తుకొచ్చింది ఫైలు తెరిచే కిటికీ కాదు, తెర మీదున్నదాన్ని ఫైల్లో దాచే కిటికీ. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. నాలుగు లైన్లేగా అని చదవకుండానే అతికించాడు మహానుభావుడు. వాడు నోరు తెరిచేలోపు, పదవిలో ఉండగా దేనికీ కాదనని ఏనుగుగారు 'సరే' నొక్కేశారు. తెర మీదున్న ఖాళీ పేజీ వెళ్ళి గిజిగాడి పర్మినెంటు కాగితాన్ని చెరిపేసి దాని మీద కూర్చుంది. దాని మీద ముద్ర కూడా అందంగా పడింది.

"నా అర్జీకేం కాలేదు కదా నాయనా?" అంది తాబేలు.

"ఏం కాలేదు బాబాయ్. దాచేశాగా, బతికిపోయింది."

"భేషుగ్గా ఉందిరా కిటికీ," అన్నారు ఏనుగుగారు. "నీ పర్మినెంటు కాగితం పట్రా, ఇప్పుడే ముద్ర కొట్టేస్తా."

గిజిగాడు తెర మీది తెల్ల పేజీ చూపించాడు.

ఏనుగుగారు దాని మీది ముద్రని తొండంతో చూపించారు. "దీనికి ముద్ర పడిపోయింది కదా. రెండోసారి వెయ్యడానికి రూల్సు ఒప్పుకోవు."

నీతి: మోసం ఎలా చేసినా ఫరవాలేదు గానీ, ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి.