రేడియో మూగనోము

ఆకులు రాలడం మొదలయ్యే వారంలో ఆ ఇంట్లో లక్ష్యాలు మొలుస్తాయి. అది ఇల్లాలు పెట్టిన నియమం. ఆమె బడిలో లెక్కల టీచరు. కొత్త సంవత్సరంలో పెట్టుకున్న లక్ష్యాలు చలికి ముసుగు తన్ని పడుకుంటాయనీ, వేసవిలో పెట్టుకున్నవి చెమటకి కారిపోతాయనీ, మనిషి బాగుపడటానికి ఆకురాలే కాలమే సరైనదనీ ఆమె సిద్ధాంతం. చెట్టు పనికిరానిదాన్ని వదిలేస్తోంది కదా, మనమూ ఒకటి వదిలేద్దాం అంటుంది. నిరుడు ఆమె భర్త బద్ధకం వదిలేసి పెందలాడే లేచాడు. కాకపోతే తను లేచిన సంగతి వీధంతా చెప్పి వచ్చేసరికి బారెడు పొద్దెక్కేది.

ఆ భర్తకి వీధి మలుపులో సెలూన్ ఉంది. అందరూ అతన్ని రేడియో అంటారు. ఒక్కటే తేడా, అసలు రేడియోకి ఆపే మీట ఉంటుంది.

"ఈసారి ఏం వదలాలో నేనే చెప్తాను," అంది ఆమె టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ. "మాట వదిలేయండి. ఇవాళ సాయంత్రం దాకా షాపులో నోరు విప్పకూడదు."

"నోరు విప్పకుండా కటింగ్ ఎలా చేస్తారే?"

"అందరూ కత్తెరతో చేస్తారు."

ఆమె పట్టుదలకి కారణం ఉంది. నెలాఖరుకి షాపు ఒప్పందం ముగుస్తుంది. పై అంతస్తులో ఉండే యజమాని మళ్లీ రాస్తాననీ అనలేదు, రాయననీ అనలేదు. మధ్యాహ్నం గడ్డం గీయించుకోవడానికి దిగుతానని కబురు మాత్రం పంపాడు. పెళ్లికి ముందు నుంచీ ఉన్న షాపు. రేడియోకి కంటి మీద కునుకు లేదు. ఆయన్ని మెత్తబరచడానికి ఒక ఉపన్యాసం కూడా తయారు చేసుకున్నాడు. ఇల్లాలి భయమంతా ఆ ఉపన్యాసం గురించే.

"పోయినసారి ఆయనతో ఏమన్నారో గుర్తుందా? మీ నెత్తి మీద నాకు పని తగ్గిపోయింది, అద్దె కూడా తగ్గించండి అన్నారు."

"సరదాకన్నానే బాబూ!"

"ఆ సరదాకి ఆయన మళ్లీ షాపు గడప తొక్కలేదు."

"పోనీ, ఆయనొక్కడి దగ్గరే మూసుకుంటాను."

"మీవల్ల కాదు. పొద్దున్నే మొదలెట్టారంటే మధ్యాహ్నానికి ఆపడం మీ చేతుల్లో ఉండదు. నామీద ఒట్టు!"

"మరి నీ లక్ష్యమేంటి?"

"మీ లక్ష్యం నెరవేరేలా చూడటం," అందామె. ఆ మాటకి బదులు చెప్పబోయి, ఒట్టు గుర్తొచ్చి, చెప్పులేసుకున్నాడు.

పక్క షాపు దర్జీ మొదటి గిరాకీ. ఆ సెలూన్లో ఒక అలవాటు ఉంది. తల తిప్పండి, వంచండి అని ఎవరికీ చెప్పక్కర్లేదు. రేడియో కథ చెబుతున్నంతసేపూ తల బొమ్మలా నిలబడుతుంది. "అప్పుడేమైందో తెలుసా?" అనగానే దానంతటదే పక్కకి వంగుతుంది. దర్జీ అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని కథ కోసం ఎదురుచూశాడు. కథ రాలేదు. ఇంకాస్త చూశాడు. చివరికి ఉండబట్టలేక "ఏమైందన్నా?" అంటూ గిరుక్కున వెనక్కి తిరిగాడు. కటింగ్ మిషను చెవి పైనుంచి నడినెత్తి దాకా నాగలి చాలులా వెళ్లిపోయింది.

క్షమాపణ చెప్పడానికి నోరు లేదు. రేడియో గడ్డం పట్టుకుని బతిమాలి, ఎడమ పక్కకి సరిపోయేలా కుడిపక్క తీశాడు. దర్జీ ఇంకోసారి తిరిగాడు. దానికి సరిపోయేలా వెనక తీశాడు. సరిచేసి సరిచేసి చివరికి అద్దంలో ఇద్దరికీ దర్జీ చెవులు మాత్రమే కనిపించాయి.

"నామీద కోపం కదూ?" అన్నాడు దర్జీ గుండు తడుముకుంటూ. "నీ దగ్గర తీసుకెళ్లిన గొడుగు సంగతేనా? నిజం చెప్పేస్తున్నాను. గాలికి ఎగిరిపోలేదు, నేనే బస్సులో మర్చిపోయాను. దానికింత శిక్షా?"

గొడుగు మాట వినగానే రేడియోకి నాలుక దురద పెట్టింది. పళ్లు బిగబట్టి, కోపం కాదని తలాడించి, నోటికి తాళం వేసినట్టు అభినయించి, ఇంటివైపు చెయ్యి చూపించాడు. మా ఆవిడ మాట్లాడొద్దంది అని దాని భావం. దర్జీకి మాత్రం ఇంట్లో ఏదో జరిగి ఇతనికి మాట పడిపోయిందని అర్థమైంది. మెడలోని గుడ్డతోనే మందుల షాపుకి పరుగెత్తాడు.

మందుల షాపాయన డాక్టరు కాదు గానీ, ఆ సంగతి అప్పుడప్పుడూ మర్చిపోతాడు. వస్తూనే రేడియో దవడ పట్టుకుని నోట్లోకి టార్చి కొట్టి చూశాడు.

"గొంతు శుభ్రంగా ఉంది. అంటే ఇది గొంతు జబ్బు కాదు, మనసు జబ్బు. పిడుగులాంటి వార్తేదో విన్నాడు. ఏమయ్యా, ఏం విన్నావు?"

ఏమీ వినలేదు మహాప్రభో అన్నట్టు రేడియో చేతులు జోడించాడు. గుమ్మంలో అప్పటికే నలుగురు చేరారు. యజమాని వచ్చే వేళైంది, వెళ్లండి అని చెప్పడానికి వేలెత్తి పై అంతస్తు చూపించాడు.

"పైకి పోతానంటున్నాడు!" అని దర్జీ బావురుమన్నాడు.

"అయ్యో, నీకేం వయసైపోయిందని నాయనా!" అంది గుమ్మంలోని పూలమ్మే ముసలామె, కళ్లు ఒత్తుకుంటూ.

కాదు, కాదు అని రేడియో మరింత గట్టిగా వేలు పైకి పొడిచాడు. సరిగ్గా అప్పుడే మెట్లు దిగి వచ్చిన యజమాని గుమ్మంలో ఆగాడు. ఏడుస్తున్న దర్జీని చూశాడు. నోరు పెగలని రేడియోని చూశాడు. తన ఇంటివైపు గురిపెట్టిన వేలిని చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

"మాట పడిపోయిందండీ," అన్నాడు మందుల షాపాయన. "ఏదో విన్నాడు, తట్టుకోలేకపోయాడు."

"అప్పుడే తెలిసిపోయిందా?" అన్నాడు యజమాని నీరసంగా. "సెల్‌ఫోన్లాయనకి షాపిస్తానని నోటిమాట ఇచ్చానయ్యా, అంతే. కాగితం రాయలేదు."

ఆ క్షణంలో రేడియోకి నిజంగానే మాట రాలేదు. గిరాకీల కుర్చీలో కూలబడ్డాడు. అంతవరకు తమాషా చూడటానికి వచ్చిన నలుగురూ యజమాని వైపు తిరిగి, పొట్ట కొట్టినవాణ్ని చూసినట్టు చూశారు. పూలమ్మే ముసలామె అయితే బుట్ట కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది.

"అలా చూడకండర్రా! నేనేం కసాయివాణ్నా?" అన్నాడాయన. "ఫోన్లాయనకి కుదరదని చెప్పేస్తాను. ఇదిగో, నీకు మాట వచ్చేదాకా ఈ షాపు నీదే. సరేనా?"

అందరూ హమ్మయ్య అనుకున్నారు. రేడియో కూడా అనుకున్నాడు గానీ, సగంలో ఆగిపోయాడు. మాట వచ్చేదాకా! అంటే షాపు ఉండాలంటే నోరుండకూడదు, నోరుంటే షాపుండదు. ఎరక్కపోయి ఇరుక్కోవడం అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి కృతజ్ఞతతో వచ్చాయనుకుని యజమాని అతని భుజం తట్టి, కుర్చీ ఖాళీ చేయించి తను కూర్చున్నాడు.

నురగ పూసి కత్తి అందుకున్నాడు రేడియో. దుఃఖంలో ఉన్నా చెయ్యి తప్పలేదు. ఒక చెంప పూర్తయింది. కత్తి చెవి కిందికి వచ్చింది. తన దయాగుణం గురించి గుమ్మంలో ఎవరో మెచ్చుకుంటున్నట్టు వినిపించి యజమాని అటు తిరగబోయాడు.

"కదలకండి సార్, చెవి తెగుద్ది!"

రేడియో నోరు తెరుచుకునే ఉండిపోయింది. అయిపోయింది, షాపు పోయింది, ఒట్టు కూడా పోయింది అనుకున్నాడు.

"మాటొచ్చింది!" అని దర్జీ గావుకేక పెట్టాడు. "అయ్యగారు షాపు నీదే అన్నారు, మాటొచ్చేసింది! ఏం హస్తవాసండీ బాబూ మీది! భుజం తట్టారో లేదో!"

"మందులతో కానిది మంచితనంతో అయింది," అన్నాడు మందుల షాపాయన టార్చి జేబులో పెట్టుకుంటూ.

రేడియోకి అబద్ధం మింగుడు పడలేదు. "అసలు జరిగిందేంటంటే, మా ఆవిడ ఇవాళ పొద్దున..."

"నువ్వాగు!" అని అందరూ ఒక్కసారే కసిరారు. "ఇప్పుడే వచ్చిన మాట, వాడేయకు, దాచుకో!"

పుట్టి బుద్ధెరిగాక తనని ఎవరూ ఇంతలా పొగడని యజమాని అద్దంలో తన మొహం తనే చూసి మురిసిపోయాడు. సగం నురగతోనే లేచి నిలబడ్డాడు. మాట వచ్చేదాకా అన్న సంగతి ఆయనకి గుర్తులేదు, గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేదు.

"షాపు తీసేస్తే మళ్లీ మాట పోదూ!" అని ఆయనే భయపడి, సాయంత్రానికల్లా మూడేళ్లకి ఒప్పందం రాసి తెచ్చాడు.

ఇంటికెళ్లాక రేడియో జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇల్లాలు కాగితం రెండుసార్లు చదివి, నవ్వలేక ఏడవలేక గోడకి ఆనుకుంది.

"పోన్లెండి, షాపు దక్కింది. రేపట్నుంచి మీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోండి," అంది.

ఆ అవకాశం రాలేదు. మర్నాడు షాపు తెరిచేసరికి యజమాని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వచ్చిన ప్రతి గిరాకీకీ, మూగవాడికి తను మాట ఎలా తెప్పించాడో మొదటినుంచీ చెబుతూ, సరైన చోట "అప్పుడేమైందో తెలుసా?" అంటున్నాడు. తలలు వాటంతటవే వంగుతున్నాయి. మధ్యలో రేడియో నోరు తెరిస్తే, అలసిపోతావయ్యా అని ఆపుతున్నాడు.

ఆ ఏటి లక్ష్యం చెట్లకి ఆకులు పూర్తిగా రాలకముందే నెరవేరింది.