నిల్ రిపోర్టు

వంద రోజుల్లో ఈ ప్రాంతంలో మానసిక సమస్య అన్నదే లేకుండా చేస్తామని మంత్రిగారు కరీంనగర్ సభలో ప్రకటించారు. ఆ గొంతులో ఎంత నిశ్చయం ఉందంటే, వేదిక మీదివాళ్లంతా అప్పటికప్పుడే నయమైపోయినట్టు చప్పట్లు కొట్టారు.

జమ్మికుంట పక్కనున్న ఒక మండలంలో ఆ పని నోడల్ ఆఫీసర్ శ్యాంసుందర్‌రావు గారి మీద పడింది. ఆయన ఇదివరకే దోమల మీద గెలిచినవారు. యుద్ధం కాగితం మీదే జరిగింది గనుక దోమలకు కూడా దెబ్బ తగల్లేదు.

ఇంటింటి సర్వే ఆశా వర్కర్ యాదవ్వది.

"మీ ఇంట్ల మనసు బాగలేనోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని గడపలో నిలబడి అడిగితే, "నీ ఇంట్లనే ఉన్నడు గదనే, మమ్ముల అడుగవడితివి!" అంది భూమవ్వ.

నిజమే. యాదవ్వ తమ్ముడు కొండల్ దుబాయి నుంచి వచ్చిన నాటి నుంచీ పలకడు. గురువారం గురువారం మండల ఆస్పత్రికి వచ్చే డాక్టర్ వందన ఇచ్చిన గోలీలు వేసుకుంటే మాత్రం అన్నం తింటాడు, బర్రెను కడుగుతాడు, ఎప్పుడైనా ఒకసారి "అక్కా" అంటాడు. యాదవ్వకు ఆ ఒక్క పిలుపుతో నెల గడిచిపోతుంది.

ఆమె ఐదు పేర్లు రాసుకొచ్చింది. ఆఫీసర్‌గారు చాలా నొచ్చుకున్నారు. నిద్రలేని ఆయన ఎర్రటి కళ్లే ఆయన కార్యదీక్షకు సాక్ష్యం.

"ఏంది యాదవ్వా ఇది? పక్క మండలపోళ్లు నిల్ రిపోర్టు పంపిన్రు. మనకు ఐదుగురా?"

"ఉన్నరు సార్. ఏం జెయ్యాలె?"

"ఉంటే ఉండనీ. జర మంచి మనసుతోని చూడాలె. చదువు."

"ప్రవళిక సార్, ఎనిమిదేండ్లు. ఎవలతోని మాట్లాడది. పొద్దంత సీసా మూతలు వరుసగ పేరుస్తది. ఎవలన్న కదిలిస్తే చెవులు మూసుకొని ఒర్లుతది."

"క్రమశిక్షణ. రాసుకో."

"రాయమల్లు. ఒక్కడే మాట్లాడుకుంటడు."

"ఫోన్ల మాట్లాడుతుండు."

"ఫోనే లేదు సార్."

"అయితే భజన. తర్వాత?"

"అనసూర్య. కాన్పయినకాడికెళ్లి ఏడుపు ఆగుతలేదు."

"ఆనందబాష్పాలు."

"మల్లన్న సార్. రాత్రిళ్లు నిద్రే పోడు."

"నైట్ డ్యూటీ."

"రైతు సార్ ఆయన!"

"రైతుకు డ్యూటీ ఉండదా? పొలానికి నీళ్లు ఎవలు పెడతరు?"

యాదవ్వ చివరి పేరు దగ్గర ఆగింది. "మా తమ్ముడు సార్. పలకడు."

"మౌనవ్రతం" అన్నారాయన, భక్తిగా.

"నిల్ అని రాస్తే గోలీలు బందయితయా సార్?"

"ఫికర్ చెయ్యకు. రికార్డు రికార్డే, గోలీ గోలీయే."

నెల తిరక్కుండా మండలానికి షీల్డు, శ్యాంసుందర్‌రావు గారికి శాలువా వచ్చాయి. ఆ గురువారమే ఆస్పత్రిలో వందన గది తలుపుకు తాళం పడింది. తలుపు మీద కాగితం చక్కటి అక్షరాలతో ఉంది: "మండలంలో రోగులు లేనందున డాక్టర్ గారి గురువారం విధులు రద్దు చేయడమైనది."

గోలీలు అయిపోయిన నాలుగో రోజు కొండల్ కంచం పక్కకు జరిపాడు. వారానికి బర్రె వైపు చూడటం కూడా మానేశాడు. యాదవ్వ తమ్ముణ్ని వెంటబెట్టుకుని జమ్మికుంటలో వరంగల్ బస్సెక్కింది. బస్సు కిక్కిరిసి ఉంది. ముఖానికి తువ్వాల చుట్టుకున్న ఒకాయన, కొండల్‌ను చూసి కిటికీ పక్క సీటు వదిలి ఇవతలికి జరిగాడు. ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు.

ఆయన జేబులోంచి ఖాళీ గోలీల అట్ట ఒకటి తొంగిచూస్తోంది. తువ్వాల పైన రెండు ఎర్రటి కళ్లు. యాదవ్వ పోల్చుకుంది. నలుగురిలో నమస్తే పెట్టకుండా ఊరుకుంది.

బస్సు ఊరు దాటాక ఆయనే మెల్లగా అడిగారు. "తమ్మునికి ఎట్లున్నది?"

"మౌనవ్రతం ఎక్కువైంది సార్. పెద్ద డాక్టర్‌కు చూపియ్యబోతున్న." యాదవ్వ గొంతు ఇంకా తగ్గించింది. "మీకేమైంది సార్?"

ఆయన తువ్వాల ఇంకొంచెం పైకి లాక్కున్నారు.

"నైట్ డ్యూటీ."