మెత్తపగడము పై అరకెక్కిన వైనము

ఏ లోతునకు పోలేక వెలుగు సైతము సగము దారిలో వెనుదిరుగునో, ఏ లోతున చేపలు తమ దీపములు తామే మోసికొని తిరుగునో, అట్టి సాగరగర్భమున, పన్నెండు వందల మీటర్ల అడుగున, ఒక రాతిని కరచుకొని ఎవరి జోలికీ పోక బతికిన ఒక ఎర్రని మెత్తపగడమును గూర్చి వినుడు. దానికొక పేరు పెట్టుటకై ఒకానొక బుధవారమున, పగలు పది గంటలు మొదలు సాయంత్రము ఐదు వరకు, మ్యూజియము మూడవ అంతస్తున, కిర్రుమను ఫ్యాను కింద, సీసాల గదిలో సాగిన ఘోరసంగ్రామమును గూర్చి వినుడు.

ఆ గదికి అధిపతి ద్విసహస్రసీసాపాలకుడు, పట్టకారాయుధుడు, కంఠలంబితభూతద్దుడు, అరువదేండ్లకు రెండేండ్ల ఇవతల నిలిచిన మృదుభాషి. మెత్తపగడమునకు చేతులు ఎనిమిదని ఎదురైన వారందరికీ ఒకసారియు, లిఫ్టులో చిక్కినవారికి రెండుసార్లును చెప్పు అలవాటు ఉండుట చేత లోకమాయనను ఎనిమిది చేతుల మాస్టారని పిలిచెను. ఆయనకున్నవి మాత్రము రెండే. అందులో ఎడమది కాస్త వణుకును. వణుకునది కుడిది కానందుకు ఆయన దినమునకొకసారియైనా సంతోషించుచుండెను.

ఆనాటి ఉదయము మ్యూజియమునకు అధికారియైన పెద్దసారు ఆ సీసాల గది తలుపునకు ఒక కాగితము అంటించి పోయెను. పేరు లేని సీసాలను ఐదు గంటలకు పారబోసి కడిగివేయుదురు. కనీసము ప్రజాతి పేరైనా ఉన్నవి మిగులును. శాస్త్రమున ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు కదా! మొదటిదైన ప్రజాతి ఇంటిపేరు వంటిది, రెండవదైన జాతి సొంతపేరు వంటిది. రెండు వేల సీసాలలో ఈ రెండును లేనిది ఒక్కటే, పేరు లేనివాటికై విడిచిన అట్టడుగు అరలో ఒంటిగా నిలిచిన మన మెత్తపగడము. సీసా లోపల, ద్రవములో మునిగి, గాజునకు ఆనుకొని ఒక కాగితపు లేబులు ఉండెను. సిరా కరగును గనుక పెన్సిలుతో, గుండ్రని అక్షరములతో, ‘పేరు: తరువాత’ అని దానిపై వ్రాసినది మాస్టారి ఇల్లాలు. ఆమె ఆ గదిలోనే లేబుళ్ళు వ్రాయు ఉద్యోగిని. వ్రాసి పదకొండేండ్లాయెను, ఆమె పోయి ఆరేండ్లాయెను. ఆ ‘తరువాత’ మాత్రము ఇంకను రాలేదు.

ఇంతలో ద్వారమున ప్రత్యక్షమయ్యెను నత్తల మేడం, వరండా కొస గదికి ఏలిక, లక్షగుల్లాధీశ్వరి.

"ఏం మాస్టారూ, తేలిందా? నా నత్తలు వరండాలో అట్టపెట్టెల్లో పడున్నాయి పాపం. ఆ అర ఖాళీ అయితే తెచ్చి సర్దుకుంటా."

‘ఓ శంబూకకులపోషిణీ! ఎనిమిది బాహువుల ఈ ఎర్రని వీరుని, నా కంఠమున ఊపిరి ఉండగా, నా భూతద్దమున మెరుపు ఉండగా, నీ జిగురుకాళ్ళ సేనకై వీధిపాలు చేయుదునా?’ అని మాస్టారి హృదయము గర్జించెను. నోరు మాత్రము, "ఐదు దాకా టైముందిగా అమ్మా" అనెను.

"పదకొండేళ్ళుగా మీకు టైమే కదా ఉంది!" అని ఆమె గుల్లల గాజుపలకలు గలగలలాడించుచు వెడలిపోయెను.

అంతట మాస్టారు నిర్ణయగ్రంథమను దుర్గమును ముట్టడించెను. ఆ గ్రంథమున పుటకొక ప్రశ్న, ప్రశ్నకొక ద్వారము, సరియైన జవాబు చెప్పినవానికే తరువాతి ద్వారము తెరచుకొనును. నోటి చుట్టును చేతులెన్ని? ఎనిమిది, ఈకల వలె అంచులు చీలినవి. మొదటి ద్వారము కూలెను. కాడలో గట్టి ఇరుసున్నదా? సూది గుచ్చిచూడ వెన్నలో వలె దిగెను, లేదు. రెండవదియు కూలెను. పుట్టగొడుగు వంటి తలపై నోళ్ళు ఒక తీరువా, రెండు తీరులవా? రెండు తీరులవి. చేతులు చాచి వచ్చినదెల్ల తినునవి కొన్ని. చేతులు లేక, గుండుసూది రంధ్రముల వలె ఉండి, ఇంటిల్లిపాదికీ రేయింబవళ్ళు నీళ్ళు తోడునవి వేలకొలది. ఈ సంగతి తలచినప్పుడెల్ల మాస్టారికి తన కాపురము గుర్తు వచ్చెడిది. అందులో తినుచు కూర్చున్న నోరు ఎవరిదో ఆయనకు బాగా తెలియును. ఆ విధముగా మూడవ ద్వారమును, చిన్న నిట్టూర్పుతో, దాటెను.

నాలుగవ ద్వారము వజ్రకవాటము. మెత్తపగడమునకు ఎముక లేదు. బదులుగా కండ నిండా ఇసుకరేణువులంతేసి సున్నపు ముళ్ళుండును. ఒక్కొక్క వంశమున అవి ఒక్కొక్క ఆకారము. ఆ ఆకారమే ఇంటిపేరు తేల్చును. గింజంత ముక్క కోసి గాజుపలకపై పెట్టి బ్లీచు చుక్క వేసినచో కండ కరగి ముళ్ళు మిగులును.

మాస్టారు కాడ నుండి ముక్క కోసెను. బ్లీచు వేసెను. ముక్క కరగెను. మైక్రోస్కోపులో చూడ, బుడగలు తప్ప ఏమియు లేవు. తల నుండి కోసెను, బుడగలు. అడుగు నుండి కోసెను. మరింత పెద్ద బుడగలు. మధ్యాహ్నము రెండుంబావు వేళ ఫోను మ్రోగెను. కూతురు.

"నాన్నా, తిన్నావా?"

"నాలుగో ద్వారం దగ్గరున్నానమ్మా."

"ఏ ఆఫీసు ద్వారం? బయట ఎండగా ఉంది, ముందు లోపలికెళ్ళి కూర్చో!"

"అదే కదమ్మా, వెళ్ళనివ్వడం లేదు" అని ఆయన ఫోను పెట్టివేసి, భోజనపు డబ్బా మూత తెరచి, తిరిగి మూసెను. ఏలయన అందలి పులిసిన మజ్జిగ వాసన ముక్కునకు తగిలిన ఆ క్షణముననే శత్రువెవ్వడో ఆయనకు తెలిసిపోయెను.

శత్రువు తానే. ఆ పగడమును ఫార్మలినులో ఉంచినది తానే. ఎరుపు నిలుచునని పట్టుబట్టినది తానే. "అది పులిస్తే సున్నాన్ని తినేస్తుందండీ, స్పిరిట్‌లో వేద్దాం" అని ఆనాడు ఇల్లాలు చెప్పుచున్నను, "నీకు తెలియదులే" అన్న మహాపండితుడును తానే. పదకొండేండ్లుగా ఆ పులిసిన ద్రవము, మూత బిగించిన సీసాలో, చప్పుడు చేయక, వీరుని ముల్లు వెంబడి ముల్లు నమిలి మింగెను. ఎరుపు కూడ నిలువలేదు; పగడము ఉడికిన దుంప రంగున ఉండెను.

నాలుగు గంటలాయెను. ఐదింటికి సీసాతోపాటు లేబులు కూడ కాలువపాలగునను తలపు ఆయనకు రాగా, అదొక్కటైనా దక్కనిమ్మని మూత తీసి, ఎడమచేతిని బల్లకు ఆనించి, కుడిచేతి పట్టకారుతో లేబులును మెల్లగా పైకి తీసెను. అద్దుడుకాగితముపై పరచెను. వెనుకవైపు కూడ ఆరవలెనని తిప్పెను.

వెనుక అక్షరములుండెను! గాజువైపు మొగము పెట్టి, పగడము వైపు వీపు పెట్టి పదకొండేండ్లు నిలిచిన ఆ కాగితము వీపున, అవే గుండ్రని అక్షరములతో, ఇట్లుండెను: ‘ఒక ముక్క స్పిరిట్‌లో వేశాను. నత్తల బీరువా, కింది అర. మీకు చెప్తే తీసి మళ్ళీ ఫార్మలిన్‌లో వేస్తారని చెప్పలేదు.’

అప్పుడు మాస్టారను వీరుడు లేచిన ఊపునకు కుర్చీ వెనుకకు పడెను. వరండాను ఇరువది రెండు అంగలలో లంఘించి, అట్టపెట్టెలలోని నత్తల సేనావ్యూహమును చీల్చుకొని, శత్రుదుర్గద్వారమున నిలిచెను.

"నీ బీరువా కింది అర చూడాలమ్మా."

"నా బీరువాతో మీకేం పని?"

ఆయన లేబులు పరచిన అద్దుడుకాగితము చాచెను. ఆమె చదివెను. కళ్ళజోడు తీసెను. తుడిచి మరల పెట్టుకొనెను. మాస్టారన్న పిలుపు ఆమె నోట అక్కడితో ఆగిపోయెను.

"ఇన్నాళ్ళకా, బావగారూ!"

"అంటే... నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? ఏటేటా నా నత్తలకి స్పిరిట్ పోసేటప్పుడు దానికీ ఓ గుక్క పోస్తూనే ఉన్నా. లేకపోతే ఎప్పుడో ఎండిపోయేది. అక్క మరీ మరీ చెప్పింది."

"మరి పొద్దున ఒక్క మాట చెప్పకూడదూ?"

"ఆయనే తిప్పి చూడాలి, నువ్వు నోరెత్తకు అని ఒట్టేయించుకుంది. ఐదుకి ఐదు నిమిషాలుండగా ఒట్టు గట్టున పెట్టి తెచ్చిద్దామనే అనుకున్నా. నా మొహం చూడకండి అలా. సీసా పట్టుకోండి, జాగ్రత్త. ఎడం చేత్తో కాదు!"

బొటనవేలంత సీసా, అందు చిటికెన గోరంత ముక్క. ఇద్దరును సీసాల గదికి పరుగెత్తిరి. ముక్కలో సగము కోసి, బ్లీచు చుక్క వేసి, మైక్రోస్కోపుపై వంగిరి. కండ పొగమంచు వలె కరగెను. ఆ పొగమంచును చీల్చుకొని, తళతళలాడుచు, వేలకువేలుగా, మొనలు దేరిన కదురుల వలె కొన్ని, బొడిపెలు తేలిన గదల వలె కొన్ని, రెండు కొసలందు చక్రములు బిగించిన ఇరుసుల వలె మరికొన్ని, సున్నపు ముళ్ళ మహాసైన్యము లేచి నిలిచెను!

"అబ్బ! ఎన్నున్నాయో!" అని నత్తల మేడం, తన జన్మలో మొదటిసారి, నత్త కానిదానిని మెచ్చుకొనెను. "కాడలో కదురులున్నాయి. పుస్తకంలో చూడండి, తొందరగా."

నాలుగవ ద్వారము కూలెను. ఐదవది తనంత తానే తెరచుకొనెను. నాలుక మూడు చోట్ల మడిచితే గాని పలుకరాని ఒక ఇంటిపేరు, పుట నడుమ, వీరుని కొరకు కాచుకొని ఉండెను.

నాలుగు ఏబది ఏడునకు పెద్దసారు వచ్చెను.

"ఒక్క మాటేనా? రెండోది?"

"రెండోది తరువాత సార్."

"ఎన్నాళ్ళకి?"

"ఓ పదకొండేళ్ళాగండి సార్" అనెను నత్తల మేడం. పెద్దసారు గడియారము చూచి, సీసా చూచి, ఉడికిన దుంప వంటి పగడమును చూచి, దీనికా ఇంత గొడవ అను మొగముతో సంతకము చేసి పోయెను.

పాత లేబులును ఎన్నడును పారవేయరాదని ఆ గది ధర్మము. కొత్తదానిని దానితోపాటే సీసాలో ఉంచవలెను. మాస్టారు సీసాలోని పులిసిన ద్రవము తీసివేసి స్పిరిటు నింపెను. ఇది కాస్త ఆలస్యమైన విధేయత. కొత్త లేబులుపై పెన్సిలుతో ఇంటిపేరు వ్రాసెను. వెనుకకు తిప్పి ఇంకొక మాట వ్రాసెను. ‘తిప్పి చూశాను.’ పిదప రెండు కాగితములను, వీపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండునట్లు, పగడమునకు చెరొక పక్కన దించెను.

అట్టడుగు అర ఖాళీ కాగా నత్తలు ఒక్కొక్క పెట్టెగా, తమ స్వభావమునకు తగిన వేగముతో, అందు ప్రవేశించెను. మాస్టారు డబ్బా తెరచి చల్లారిన భోజనమున సగము మరదలి ముందుంచెను.

లోకమంతయు వినుగాక! సాగరగర్భమున పుట్టి, పదకొండేండ్లు పేరు లేక, ముళ్ళు లేక, రంగు లేక అట్టడుగున మగ్గిన మెత్తపగడము, ఆ బుధవారము సాయంత్రము ఐదు కొట్టక మునుపే, రెండు మాటల పేరులో ఒక మాటను గెలుచుకొని, ఇద్దరు మోయగా, పై అరకు ఎక్కెను. ఆ విజయము ఎత్తు సరిగా ఒక జానెడు.