సోములమ్మ గొంతుకు నోటీసు

ఇకపై మన్యంలో ప్రభుత్వానికి ముందుగా తెలియజేయకుండా వాన కురవడానికి వీల్లేదని మంత్రిగారు అరకు సభలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. వానను సభకు పిలవలేదు కాబట్టి దాని స్పందన తెలియరాలేదు.

ఈ ప్రకటన వెనక 'గిరిమేఘ' అనే యాప్ ఉంది. వాన వచ్చే ముందు ఫోను తనంతట తానే అరుస్తుంది. రైతు పరుగెత్తుకెళ్లి కళ్లంలో ఆరబోసిన కాఫీ గింజల మీద పరదా కప్పుకుంటాడు. గింజ తడిస్తే బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. కాబట్టి ఇది నిజంగా గొప్ప సంగతే. యాప్ చేసిన విశాఖపట్నం కంపెనీ తరఫున సందీప్ అనే కుర్రాడు లేచి, దీన్ని తాము సున్నా నుంచి కట్టామనీ, ఇందులో గొంతు మనిషిది కాదనీ, కృత్రిమ మేధ నుంచి పుట్టిందనీ వినయంగా చెప్పాడు. మంత్రిగారు మీట నొక్కారు.

"ఒలే గుంటా, వాన వత్తంది! బేగి కప్పండే! ఉష్, సచ్చినోడి కోడి!" అంది కృత్రిమ మేధ.

మంత్రిగారు పరవశించిపోయారు. యంత్రానికి కోడిని తోలడం కూడా నేర్పిన సందీప్‌ను వేదిక మీదే కౌగిలించుకున్నారు.

నాకు హుకుంపేట బస్టాండు దగ్గర జెరాక్సు షాపు ఉంది. షాపు వెనక పారే గెడ్డ దాటితే సోములమ్మ ఇల్లు. ఆ గొంతు, ఆ తిట్టు, ఆ కోడి నాకు రోజూ పరిచయమే. అయినా ఇలాంటి అనుమానాలు పెట్టుకుంటే దేశం ముందుకు పోదు కనుక నేను నోరెత్తలేదు.

నోరెత్తింది సోములమ్మ మనవరాలు రత్న. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పిల్ల. అసలు యాప్ ఆమె రాసిందే. కొండ మీది ఊళ్లో ఉండే సోంబరు అనే ఆయన మబ్బు చూసి తన ఫోనులో మీట నొక్కితే, కింది ఊళ్ల ఫోన్లన్నీ సోములమ్మ గొంతుతో అరుస్తాయి. ఆమె కేక రికార్డు చేసేటప్పుడు కోడి గింజల్లోకి దూరింది. ఆ ముక్క రత్న తీసెయ్యలేదు. కోడి తిట్టు ఉంటేనే ఇది మన ముసలమ్మే అని జనం నమ్ముతారంది. యాప్‌ను ఎవరైనా తీసుకోవచ్చని ఊరికే ఇచ్చేసింది, ఒక షరతుతో.

మా పక్క షాపు సన్యాసిరావు సావుకారుది. కింద మైదానం నుంచి వచ్చి ఇక్కడ కిరాణా పెట్టుకున్నాడు. కాఫీ గింజలు కొని తన కళ్లంలో ఎండబెట్టి అమ్ముతాడు. మిగిలిన టైములో ఒక పెద్ద పేపరుకు విలేకరి. రత్న ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఏటి గుంటా, మంత్రిగారి యాప్ ఆపీమంటన్నావా?"

"ఆపొద్దు సావుకారూ, వాడుకోమనే అంటన్నాను. విత్తనాల పండగనాడు మా ఊళ్లో ఇంటింటి గింజా ఒకచోట కలిపి పంచుతారు కదా. పట్టుకెళ్లినోడు పంటొచ్చాక మళ్లీ తెచ్చి కలపాలి. నా లైసెన్సు షరతులో రాసిందీ అదే. తీసుకోండి, మార్చుకోండి. మార్చింది మాకూ చూపించండి, ఊరి పేరు ఉంచండి. వీళ్లు పేరు తీసేసి, లోపలికి ఎవరూ చూడకుండా మూసేసినారు. సోంబరు మావ మీట కూడా పీకేసినారు."

"ఎంతిమ్మంటన్నావు?"

"ఏమీ వద్దు."

"డబ్బులొద్దా? మరి గొడవేటి?"

"మాట తప్పినారు."

సన్యాసిరావు జాలిగా చూశాడు. "డబ్బుల్లేని గొడవ మా డెస్కుకి అర్థం కాదమ్మా."

మర్నాడు వార్త వచ్చింది. 'ఉచిత యాప్‌కు యువతి అడ్డు. భారీ మొత్తం డిమాండ్?' చివర ప్రశ్నార్థకం ఉంది కాబట్టి అది అబద్ధం కిందికి రాదని సన్యాసిరావు నాకు బోధించాడు. పత్రికా విలువలంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

దాంతో ఒక టీవీ చానల్ కదిలింది. యాంకర్ సౌందర్య వ్యానేసుకుని సోములమ్మ వాకిట్లోకి వచ్చింది. స్టూడియోలో సైబర్ నిపుణుడు ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. ఆయనకు విశాఖపట్నంలో సెల్‌ఫోన్ కవర్ల షాపు ఉంది.

"మీ యాప్ లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చా?" అని అడిగాడు.

"చూడొచ్చండి. అందుకే అలా ఉంచాను," అంది రత్న.

"అంటే తాళమే లేదు! సరిహద్దు రాష్ట్రం పక్కన తాళం లేని యాప్!"

ఒడిశా మన మీదికి ఎప్పుడు దండెత్తిందో నాకు గుర్తు రాలేదు కానీ, తెర కింద ఎర్రటి అక్షరాలు పరుగెత్తాయి: 'తాళం లేని యాప్. దేశానికి ముప్పు?'

రత్నకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇంక వాదించలేక ముసలమ్మను కెమెరా ముందుకు లాగింది. "మామ్మా, ఓపాలి అరవే. ఆ గొంతు నీదేనని లోకమంతా ఇంటాది."

సోములమ్మ గుండెల నిండా గాలి పీల్చి అరిచింది. వాకిట్లో కోళ్లన్నీ గెడ్డ దాటిపోయాయి. కెమెరామన్ చెవులు మూసుకున్నాడు.

"అద్భుతం!" అంది సౌందర్య. "యాప్‌ను అచ్చు దించేస్తున్నారమ్మా! ఎన్నాళ్లుగా సాధన చేస్తున్నారు?"

"పుట్టిన కాడి నుంచీ తల్లీ," అంది సోములమ్మ.

'మంత్రి యాప్ గొంతును కాపీ కొడుతున్న వృద్ధురాలు' అని మర్నాడు సన్యాసిరావు రాశాడు. వారం తిరక్కుండా కంపెనీ నోటీసు వచ్చింది. తమ యాప్‌ను పోలిన గొంతుతో సోములమ్మ బహిరంగ ప్రదేశాల్లో వాన గురించి అరవరాదు. ఇంట్లో మామూలు మాటలకు అభ్యంతరం లేదు. నోటీసు తెచ్చిన సందీప్‌ను సోములమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"కోడిని తోలుకోవచ్చా బాబూ?"

"అది లీగల్ టీమ్‌ని అడిగి చెబుతామండి."

పేపరు కటింగులు సాక్ష్యంగా చూపించి, రత్న యాప్ నకిలీదని ఫోన్లలో దొరక్కుండా, ఉన్నచోటా పనిచెయ్యకుండా చేయించేశారు. ఊళ్లకు వాన కబురు ఆగిపోయింది. గింజలింకా కళ్లాల్లోనే ఉన్నాయి. రత్న నోటీసు కాపీలు తీయించుకోవడానికి నా షాపుకొచ్చి, మిషను పక్కన నిలబడి ఏడ్చింది. రెండు కాపీలు ఎక్కువ తీసిచ్చాను.

తర్వాత అల్పపీడనం పట్టింది. సంతరోజు మధ్యాహ్నం కొండ మీద మబ్బు కమ్మింది. పనిచెయ్యని మీటను నమ్ముకోకుండా సోంబరు తానే కొండ దిగి పరుగెత్తుకొచ్చాడు. సోములమ్మ నోరు తెరవలేదు. నోటీసు కొంగున ముడేసుకుని, ఇంటింటి తలుపూ కొట్టి, వేలితో ఆకాశం చూపించింది. ఊరంతా చప్పుడు లేకుండా పరదాలు కప్పుకుంది.

సన్యాసిరావు కళ్లంలో సీజనంతా కొన్న గింజలు ఆరుతున్నాయి. ఆయన మబ్బును చూశాడు, ఫోను చూశాడు. 'ఆకాశం నిర్మలం. మంత్రిగారి శుభాకాంక్షలు' అని ఉంది. తను రాసిన వార్తను తనే నమ్మకపోతే ఎవరు నమ్ముతారు? కుర్చీలో కూర్చున్నాడు. గాలి లేచి కుర్చీ కదిలాక గెడ్డ దాటి పరుగెత్తాడు. వెనకే నేనూ.

"సోములమ్మా, ఓపాలి అరవమ్మా! నా కూలోళ్లంతా సంతలో ఉన్నారు. నీ కేకైతే అక్కడిదాకా ఇనబడతాది!"

సోములమ్మ కొంగు ముడి విప్పి నోటీసు చూపించింది. "ఆ గొంతు నాది కాదంట కద బాబూ. నువ్వే రాసినావు."

"తప్పయిపోనాది తల్లీ! రేపు సవరణ ఏయించేత్తాను! బాక్సు కట్టించి మరీ!"

సోములమ్మ కొండకేసి చూసింది. "రేపటిదాకా అది ఆగుతాదేటి బాబూ?" అంది.

మొదటి చినుకు నోటీసు మీద పడింది. తర్వాత లెక్క లేదు. మేం చూరు కిందికి చేరాక, సన్యాసిరావు జేబులో ఫోను ఉలిక్కిపడి లేచింది.

"ఒలే గుంటా, వాన వత్తంది! బేగి కప్పండే! ఉష్, సచ్చినోడి కోడి!"

సోములమ్మ బెదిరిపోయి రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి, "అది నేను కాదు బాబూ," అంది.

మర్నాడు పేపరు తెరిచాను. మొదటి పేజీలో 'మంత్రి యాప్ చెప్పినట్టే కురిసిన వాన. మన్యం రైతుల్లో ఆనందం' అని ఉంది. కింద పేరు సన్యాసిరావుదే. సవరణ కూడా వేశారు, బాక్సు కట్టి: 'గిరిమేఘ యాప్ అదిలించే కోడి సైతం కృత్రిమ మేధతో రూపొందినదేనని పాఠకులు గమనించగలరు.'

పక్క షాపు వైపు చూశాను. సన్యాసిరావు నేల మీద గొంతుక్కూర్చుని, అదే పేపరు షీటు షీటుగా పరిచి, తడిసిన గింజలు దాని మీద ఆరబోస్తున్నాడు.