నిష్పక్షపాత కెమెరా

ఫ్రిస్కో మహానగర తెలుగు సమాఖ్య అధ్యక్షులు శ్రీ మల్లికార్జునరావు గారు ఇటీవల ఒక చారిత్రక ప్రకటన చేశారు. సమాఖ్య ఇకపై ఏ కెమెరా పడితే ఆ కెమెరాలో ఫోటో దిగదనీ, రెండు డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలను శాస్త్రీయంగా పోల్చి చూసి, నెగ్గినదాన్ని అధికారిక కెమెరాగా స్వీకరిస్తుందనీ, అందుకోసం ఉన్నతస్థాయి సంఘాన్ని వేస్తున్నామనీ ఆయన ప్రకటించారు. ప్రకటన జరిగింది బిర్యానీ హోటల్ వెనక గదిలో. మైకు అవసరం లేనంత చిన్న గది. అయినా మైకులోనే చెప్పారు. మైకు నాది.

నేను అమెరికాలోని ఈ ఊళ్ళో ఫంక్షన్లకు సామాను అద్దెకిస్తాను. కుర్చీలు, మండపాలు, పూల తెరలు, మైకులు, కెమెరాలు. సామాను వెళ్ళేటప్పుడు ఎలా వెళ్ళింది, తిరిగొచ్చేటప్పుడు ఎలా వచ్చింది, నా లెక్కంతా ఇదే. మనుషుల్నీ అలాగే చూడటం అలవాటైపోయింది. పదవిలోకి వెళ్ళినప్పుడు ఎలా ఉన్నాడు, దిగాక ఎన్ని సొట్టలతో వచ్చాడు అని. ఈ లెక్కన మల్లికార్జునరావు గారు చాలా మన్నికైన సరుకు. ఎన్ని ఎన్నికలకు వాడినా రంగు పోలేదు. అసలు దిగితే కదా సొట్టలు చూడటానికి.

ఈ ప్రకటన వెనక ఒక గాయం ఉంది. కిందటి ఉగాదికి మన రాష్ట్రం నుంచి మంత్రి గారు వచ్చారు. ఆ సన్మానం ఫోటో పత్రికలో ఎన్నారై పేజీలో పడింది. అందులో మంత్రి గారికి శాలువా కప్పుతున్న మల్లికార్జునరావు గారి కళ్ళు మూతపడి ఉన్నాయి. పక్కన ఊరికే నిలబడ్డ కార్యదర్శి శశికాంత్ గారి కళ్ళు మాత్రం విశాలంగా తెరుచుకుని రాష్ట్ర భవిష్యత్తు వైపు చూస్తున్నాయి.

ఇప్పుడు అదే మంత్రి గారు మళ్ళీ వస్తున్నారు. ఈసారి వట్టి చేతులతో కాదు. పార్టీ కొత్తగా 'ఉత్తర అమెరికా సలహాదారు' అనే పదవి సృష్టించింది. జీతం లేదు, ఆఫీసు లేదు, పని ఏమిటో ఇంకా అనుకోలేదు. కానీ స్వదేశంలో విమానం దిగగానే పేరు రాసిన అట్ట పట్టుకుని ఒక మనిషి నిలబడతాడట. ఆ పదవి మల్లికార్జునరావు గారికి కావాలి. శశికాంత్ గారికీ కావాలి. మంత్రి గారి పీఏ ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకే మాట చెప్పాడు. "సార్‌కి ఇన్ని ఊళ్ళు తిరిగాక మనుషులు గుర్తుండరండీ. ఫోటోలు పంపండి. చూసి వేసేస్తారు."

అందుకని ఇద్దరూ చెరో కెమెరా పట్టుకొచ్చారు. మల్లికార్జునరావు గారిది పెద్దది, బరువైనది. శశికాంత్ గారిది చిన్నది, తేలికైనది. రెండూ నా దగ్గర అద్దెకు తీసుకున్నవే. మొన్నటిదాకా నా షాపులో ఒకే అరలో, ఏ గొడవా లేకుండా పక్కపక్కన ఉండేవి. రెండు వర్గాలకూ సామాను ఇచ్చేవాణ్ణి కనక నన్ను సంఘానికి తటస్థ పరిశీలకుడిగా వేశారు.

సంఘం మొదట సాక్షిగా పిలిచింది విజయశ్రీని. ఈ అమ్మాయి వారం రోజులూ మల్లికార్జునరావు గారిలా ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్ల కోసం ఇళ్ళ ఫోటోలు తీస్తుంది, శని ఆదివారాలు ఫంక్షన్లు తీస్తుంది. రెండు రకాల కెమెరాలూ రెండు భుజాలకు వేలాడుతుంటాయి.

"అమ్మా, నువ్వు రెండూ వాడతావు కదా. ఏది బెటరు?" అన్నారు మల్లికార్జునరావు గారు.

"ఇంటి లోపల వెలుతురు తక్కువుంటే పెద్దది బాగుంటుంది సర్. చిన్నపిల్లల వెనక పరిగెత్తాలంటే చిన్నది. పెద్దది రోజంతా మోస్తే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది."

"అలా డిప్లొమాటిగ్గా వద్దు. నువ్వు ఏ పార్టీ?"

"దేనికి సర్?"

"కెమెరాకి."

"ఏ పనికి ఏది పనికొస్తే అది సర్."

"గోడ మీద కూర్చుంది," అన్నారు శశికాంత్ గారు విచారంగా.

ఇక లాభం లేదని సంఘం క్షేత్రస్థాయి పరీక్షకు దిగింది. సమాఖ్య సభ్యురాలు గౌరి గారింట్లో వాళ్ళమ్మాయి సాన్వికి ఓణీల ఫంక్షన్. విజయశ్రీ అక్కడ రెండు కెమెరాలతోనూ తీస్తుంది. సంఘం ఆమె వెనకే నడుస్తుంది. అనుకోవడం వెనకే అనుకున్నారు గానీ, నాయకులు కదా, కాసేపటికి ముందుకొచ్చేశారు.

మల్లికార్జునరావు గారు పెద్ద కెమెరాను చేతిలో తూచి చూశారు. "బరువుండాలయ్యా. మోసేవాడికి బాధ్యత తెలుస్తుంది."

"రోజులు మారాయి సర్," అన్నారు శశికాంత్ గారు. ఆయన ఒక కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజరు. "ఇప్పుడంతా లైట్‌వెయిట్. లీడర్‌షిప్ ఎజైల్‌గా, చురుగ్గా ఉండాలి."

"తేలిగ్గా ఉన్నది గాలికి ఎటైనా పోతుంది."

"బరువుగా ఉన్నది కుర్చీలోంచి లేవదు సర్."

తరువాత చప్పుడు పరీక్షించారు. పెద్దది నొక్కితే గది అవతలకు వినిపిస్తుంది. చిన్నదానిది మెత్తని చప్పుడు. మల్లికార్జునరావు గారు మెత్తని చప్పుడును తీవ్రంగా ఖండించారు. "వినపడకపోతే ఫోటో తీశారని ఎలా తెలుస్తుంది? నేను నవ్వు ఎప్పుడు ఆపాలి?"

ఈ ప్రశ్న న్యాయమైనదేనని శశికాంత్ గారు కూడా ఒప్పుకున్నారు. పెద్ద కెమెరాకు ఒక మార్కు పడింది.

బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఎన్ని ఫోటోలు పడతాయన్నది మూడో అంశం. విజయశ్రీ నొక్కి చూపించింది. "ఇన్నిట్లో ఒక్కదాంట్లోనైనా మీ కళ్ళు తెరిచి ఉంటాయి సర్," అంది. మల్లికార్జునరావు గారు సాంకేతిక విప్లవం గురించి రెండు మాటలు మాట్లాడారు.

పెద్ద కెమెరాలో రెండు మెమరీ కార్డులు పడతాయి. ఒకటి పాడైతే రెండోదాంట్లో ఫోటోలు భద్రంగా ఉంటాయని విజయశ్రీ మంచి గుణంగానే చెప్పింది. ఇద్దరు నాయకులూ ఒకేసారి గంభీరమయ్యారు.

"అంటే రెండో కాపీ ఒకటి ఎప్పుడూ ఉంటుందన్నమాట," అన్నారు మల్లికార్జునరావు గారు.

"ఎవరి దగ్గరుంటుంది?" అన్నారు శశికాంత్ గారు.

రెండో కార్డు తీసేసి ఆ గూడు ఖాళీగా ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ప్రజాజీవితంలో ఉన్నవాళ్ళ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది.

ఈలోగా పీట మీద కూర్చున్న సాన్వి చెయ్యెత్తింది. "అంకుల్, కెన్ యూ మూవ్? అమ్మమ్మ కనిపించట్లేదు నాకు."

"ఒక్క నిమిషం తల్లీ, టెస్టింగ్ జరుగుతోంది."

"బట్ ఇట్స్ మై ఫంక్షన్, అంకుల్."

దీన్ని వినియోగదారుల అభిప్రాయం కింద నమోదు చేసుకుని, సంఘం భోజనాలకు వెళ్ళింది.

ఫలితం ఎటూ తేలలేదు. సంఘంలో ఓట్లు సరిసమానంగా చీలాయి. ఓట్లున్నది ఇద్దరికే, వాళ్ళు ఎవరి కెమెరాకు వాళ్ళు వేసుకున్నారు. మంత్రి గారు వచ్చే ఆదివారం దగ్గర పడింది. చివరికి రాజీ కుదిరింది. రెండు కెమెరాలనూ రెండు స్టాండ్ల మీద, ఒకే ఎత్తున, పక్కపక్కన పెట్టాలి. విజయశ్రీ మధ్యలో నిలబడి రెండూ ఒకేసారి నొక్కాలి. ఎత్తు సమంగా ఉందో లేదో టేపు పెట్టి కొలిచింది నేనే.

అంతా కుదిరాక శశికాంత్ గారికి ఒక సందేహం వచ్చింది. "ఫోకస్ ఎవరి మీద పెట్టాలో ఎవరు డిసైడ్ చేస్తారు?"

"నేనే సర్. తీసేవాళ్ళ పనే అది," అంది విజయశ్రీ.

"మల్లికార్జునరావు గారు అమ్మకానికి పెట్టే ఇళ్ళన్నీ నువ్వే తీస్తావు కదా."

"మొన్న వీళ్ళబ్బాయి బర్త్‌డే కూడా తీసింది," అన్నారు మల్లికార్జునరావు గారు. "కాబట్టి పక్షపాతానికి రెండువైపులా అవకాశం ఉంది. కెమెరాకే వదిలేద్దాం. పూర్తి ఆటో. ఎవరూ వేలు పెట్టకూడదు."

"ఆటోలో పెడితే దానికి పెద్దా చిన్నా తెలీదు సర్. ముందు ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళని పట్టుకుంటుంది. హాల్లో వెలుతురు తక్కువ. వెనకున్నవాళ్ళు మసగ్గా వస్తారు."

"దగ్గరగా ఉండేది మేమే కదమ్మా," అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

విజయశ్రీ నా వైపు చూసింది. నేను టేపు చుట్టుకుంటున్నాను. సలహాలు నేను అద్దెకిచ్చే సామానులో లేవు.

ఆదివారం మధ్యాహ్నం సభ మొదలైంది. ఆ వేళకు ఊళ్ళో ఉద్యోగస్తులందరూ పిల్లల సాకర్ ఆటల దగ్గరో, కిరాణా షాపుల్లోనో ఉంటారు. సాయంత్రం భోజనాలకు తప్పక వస్తారు. కుర్చీలు నిండింది మాత్రం ఆరు నెలల వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలతో. సమాఖ్య వాళ్ళ కోసం వ్యాన్లు తిప్పింది. వాళ్ళకు ఏ పార్టీ మీదా ప్రత్యేకమైన అభిమానం లేదు. ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళే బండి ఏదొచ్చినా ఎక్కుతారు.

వేదిక మీద ఆఖరి సంక్షోభం వచ్చింది. శాలువా ఉన్న పళ్ళెం ఎవరు పట్టుకోవాలి? అధ్యక్షుడి మనిషి పట్టుకుంటే అధ్యక్షుడి వైపు జరుగుతాడు. కార్యదర్శి మనిషి పట్టుకుంటే కార్యదర్శి వైపు జరుగుతాడు. సభ్యత్వం, ఓటు, వర్గం ఏమీ లేని మనిషి కావాలన్నారు. మొదటి వరుసలో తిరుపతయ్య గారు కనిపించారు. మా వీధిలో ఉండే ఫణి వాళ్ళ నాన్న. బస్సు డిపోలో చేసి రిటైరయ్యారు. నిటారైన మనిషి, తెల్లచొక్కా.

"ఎంతసేపు నిలబడాలి బాబూ?" అని అడిగారు.

"శాలువా కప్పేదాకానండీ," అన్నారు శశికాంత్ గారు.

"తర్వాత వచ్చి కూచోవచ్చా?"

"వద్దు. వేదిక అంచున అక్కడే ఉండండి. వాళ్ళవాళ్ళెవరూ ముందుకి రాకుండా."

"మీవాళ్ళు కూడా," అన్నారు మల్లికార్జునరావు గారు.

తిరుపతయ్య గారు వేదిక అంచున, రెండు కెమెరాలకు ఎదురుగా, పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. శాలువా ఒక్కటే. ఒక కొస అధ్యక్షులు పట్టుకున్నారు, రెండో కొస కార్యదర్శి. కళ్ళు మూతపడతాయేమోనని ఇద్దరూ రెప్ప వెయ్యలేదు. నీళ్ళు కారుతున్నా వెయ్యలేదు. పెద్ద కెమెరా చప్పుడైనప్పుడల్లా తిరుపతయ్య గారు మర్యాదగా నవ్వారు. ఎదురుగా ఫోటో తీస్తుంటే నవ్వకపోతే ఏమనుకుంటారోనని.

మంత్రి గారు ప్రవాసుల త్యాగాల గురించి మాట్లాడి తరువాతి ఊరికి వెళ్ళిపోయారు. ఆయన కారు కదలక ముందే నాయకులిద్దరూ కెమెరాల మీదకు పరిగెత్తారు. ఎవరి ఫోటోలు ముందు చేరితే వాళ్ళదే పదవి అన్నట్టు, కెమెరాలోంచి ఫోన్‌లోకి, ఫోన్‌లోంచి పీఏకి పంపేశారు. ఫోటోలు పెద్దవి చేసి చూసుకునే తీరిక ఎవరికుంది?

మంగళవారం ఫోన్ వచ్చింది. మళ్ళీ బిర్యానీ హోటల్ వెనక గది. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు.

"కంగ్రాట్స్ సార్," అన్నాడు పీఏ. "సలహాదారు పోస్టు మీ ఫ్రిస్కోకే. తిరుపతయ్య గారిని ఖాయం చేశారు."

మల్లికార్జునరావు గారు ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నారు.

"ఏ తిరుపతయ్య?" అన్నారు మల్లికార్జునరావు గారు.

"మీ తిరుపతయ్య గారే సార్. మీ సమాఖ్య వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి ఈ పెద్దాయన ఎవరని అడిగితే అందరూ ఆయన పేరే చెప్పారు. మీరు పంపిన ఫోటోల్లో ఆయనే, శశికాంత్ గారు పంపినవాటిల్లోనూ ఆయనే. రెండు వర్గాలూ ముందు నిలబెట్టుకున్న మనిషి ఇంకెక్కడా దొరకలేదు సార్ మాకు. ఎంత క్లియర్‌గా ఉన్నారు. ఎంత హుందాగా నవ్వుతున్నారు. వెనక ఎవరో ఇద్దరు దుప్పటి లాక్కుంటున్నారు గానీ, మసగ్గా ఉంది, తెలియలేదు."

"మంత్రి గారు కూడా మసగ్గానే ఉన్నారు కదా," అన్నారు శశికాంత్ గారు బలహీనంగా.

"సార్ దాని గురించి ఏమీ అనలేదండీ. ఆయన ఫోటోల్లో పదవికి కావల్సినవాళ్ళనే చూస్తారు."

మల్లికార్జునరావు గారు గొంతు సవరించుకున్నారు. నాయకుడంటే ఏమిటో నేను ఆ క్షణంలో చూశాను. "చాలా దూరదృష్టి గల నిర్ణయం అని మంత్రి గారికి చెప్పండి. ఆ పళ్ళెం ఆయన చేతికిచ్చింది నేనే."

"ముందుకి పిలిచింది నేను," అన్నారు శశికాంత్ గారు.

సాయంత్రం ఇద్దరూ ఒకే కారులో ఫణి ఇంటికి వెళ్ళారు. పూలగుత్తి మోయడానికి నేనూ వెళ్ళాను. తిరుపతయ్య గారు గరాజ్‌లో సూట్‌కేసును బాత్రూమ్ త్రాసు మీద పెట్టి తూస్తున్నారు. విషయం చెబితే అంతా విని, త్రాసు వైపే చూస్తూ అడిగారు.

"సలహా అంటే ఏం చెప్పాలి?"

"మీ ఇష్టమండీ. మీరేం చెప్తే అదే," అన్నారు మల్లికార్జునరావు గారు.

"ఇక్కడి సంగతులు నాకేం తెలుసు బాబూ. పగలంతా ఇంట్లోనే ఉంటాను. డిష్‌వాషర్ కూడా ముట్టుకోనివ్వదు మా కోడలు."

"అందుకేనండీ. ఓపెన్ మైండ్," అన్నారు శశికాంత్ గారు.

"ఇందులో హెల్త్ ఇన్సూరెన్స్ ఏమైనా ఉంటుందా?"

"లేదండీ. గౌరవ పదవి."

"అయితే గురువారం వెళ్ళిపోవాల్సిందే. వీసా టైము దాటితే మళ్ళీ రానివ్వరని మావాడు భయపెడుతున్నాడు. కాస్త ఈ రెండోది ఎత్తి పెడతారా? నడుము పట్టేసింది."

ఉత్తర అమెరికా తెలుగు ప్రజానీకానికి పెద్దదిక్కులైన ఇద్దరూ చెరో పక్క పట్టి సూట్‌కేసు ఎత్తారు. బరువు ఎక్కువైందని తేలి బాదంపప్పు పొట్లాలు తీయించారు.

గురువారం విమానాశ్రయంలో పదవీ స్వీకారం జరిగింది. స్టాండు పెట్టడానికి పోలీసులు ఒప్పుకోలేదు కాబట్టి నా పూల తెరను అధ్యక్షులు ఒక కొస, కార్యదర్శి ఒక కొస పట్టుకున్నారు. ఫణి దండ వేశాడు. విజయశ్రీ రెండు కెమెరాలూ మెడలో వేసుకుని వచ్చింది. ఏ మోడ్‌లో పెట్టాలని ఆమె అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

తిరుపతయ్య గారు సెక్యూరిటీ లైను మొదట్లో నిలబడి, పీఏ పంపిన ప్రతిజ్ఞ ఫోన్‌లో చూసి చదివారు. ఈ ఖండంలోని ప్రతి తెలుగువాడికీ అనుక్షణం అందుబాటులో ఉంటానని స్పష్టంగా చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. తరువాత సలహాదారు గారు దండ తీసి కొడుకు చేతికిచ్చి, బెల్టూ మాత్రల డబ్బా ట్రేలో పెట్టి, ఉత్తర అమెరికా విడిచి వెళ్ళిపోయారు.