బాలమల్లు కలిపిన పెల్లెట్లు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బాలమల్లు శామీర్‌పేట షూటింగ్ క్లబ్బు స్టోరు తాళం తీశాడు. ఉద్యోగంలో చేరి అది నాలుగో రోజు. అంతకుముందు పందొమ్మిదేళ్లు సుచిత్ర చౌరస్తాలో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో మేకులూ మరలూ సైజుల వారీగా సర్దినవాడు. పదకొండింటికి జిల్లా సెలక్షన్ పోటీ. ఆలోగా స్టోరును అద్దంలా సర్ది, కోచ్ యమున చేత మెప్పు పొందాలని అతని ఆలోచన.

అరలో ఎయిర్‌గన్ పెల్లెట్ల డబ్బాలు ఆరున్నాయి. మూడింటి మీద రైఫిల్ బొమ్మ, మూడింటి మీద పిస్టల్ బొమ్మ. మూతలు తీసి చూస్తే లోపల అన్నీ నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం గుండ్లే. ఒకే సరుకుకు ఇన్ని డబ్బాలెందుకని మూడు వేల పెల్లెట్లనూ ఒక్క స్టీలు డబ్బాలో గుమ్మరించాడు.

కాసేపటికి యమున వచ్చింది. ఆ డబ్బాలోకి చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"ఏం జేసినవ్ బాలమల్లన్నా?"

"అన్నీ ఒక్కటే సైజు మేడం. మస్తు జాగ మిగిలింది."

"సైజు ఒక్కటే, బరువు వేరే. రైఫిల్‌కు జోరెక్కువ, దానికి జర బరువు గుండు గావాలె. పిస్టల్‌కు గంత దమ్ముండది, దానికి తేలికది. అసలు తూటాలు గూడ గంతే. యాభై మీటర్ల రైఫిల్‌దీ, పిస్టల్‌దీ చూడనీకి ఒక్కతీరే ఉంటయ్, పని మాత్రం వేరే."

"గీటికి తేడా ఎంతుంటది మేడం?"

"మూడు బియ్యం గింజలంత."

"గంతేనా!"

"గంతకే టార్గెట్ మీద పది నంబర్ల పడాల్సింది ఎనిమిదిల పడ్తది. భవితకిది ఆఖరి ఛాన్సన్నా."

భవిత గౌడవెల్లి పిల్ల. ఆర్నెల్లుగా ఆమె రైఫిల్ స్కోరు దిగజారుతూనే ఉంది. ఈసారి జిల్లా జట్టులోకి రాకపోతే ఇక ఇంట్లో పంపరు. బాలమల్లు వెంటనే మేడ్చల్‌లో బంగారం దుకాణం నడిపే బావ సిద్దిరాములుకు ఫోన్ చేశాడు.

"బావా, బంగారం తూసే కాంటాలు పట్కొని జల్దీ రా. ఈడ షూటింగ్ ఆగిపోయేటట్టున్నది!"

సిద్దిరాములు చెవికి 'షూటింగ్' అన్న మాటే బాగా ఎక్కింది. అరగంటలో ఆటో వచ్చి ఆగింది. అందులోంచి సిద్దిరాములు, అతని భార్య, పట్టుచీరల్లో ఇద్దరు కోడళ్లు మూడు కాంటాలతో దిగారు.

"హీరో ఏడి?" అంది పెద్ద కోడలు.

"హీరో లేడు. హీరోయిన్ ఉన్నది," అని యమున రైఫిల్ తుడుచుకుంటున్న భవితను చూపించింది.

కోడళ్ల ముఖాలు వాడిపోయినా, సంగతి విన్నాక కొంగులు బిగించి కూర్చున్నారు. బరువైనవి కుడివైపు, తేలికవి ఎడమవైపు.

పదింటికి క్లబ్బు సెక్రటరీ గాలయ్య కారు దిగాడు. భూములు, ప్లాట్లు, వార్డు రాజకీయాలు అన్నీ చూసుకునే మనిషి. సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"గీ మాత్రం తెల్వనోన్ని ఎవరు పెట్టిన్రు? పోటీ అయిపోనీ, ఇయ్యాల్నే ఇంటికి తోలేస్త!"

బాలమల్లు తలవంచుకుని బరువులు చూస్తూనే ఉన్నాడు. పదిన్నర దాటాక తూకం ముగిసింది. రెండు కుప్పలూ సమానంగా ఉండాలి. కుడివైపు ఐదొందలు తేలాయి, ఎడమవైపు రెండు వేల ఐదొందలు.

"కాంటా తప్పయితదా?" అని బాలమల్లు భయంగా అడిగాడు.

"నా కాంటానా?" సిద్దిరాములుకు కోపం వచ్చింది.

యమున ఎడమవైపు కుప్పను చాలాసేపు చూసింది. "అంటే, మూడు రైఫిల్ డబ్బాలల్ల రెండిట్ల పిస్టల్‌వే ఉండె. సరుకు దెచ్చేది మీరే గద సార్?"

గాలయ్య కళ్లద్దాలు తీసి తుడిచాడు. "ఆర్నెల్ల కింద రైఫిల్‌వి దొరకలే. ఖాళీ డబ్బాలల్ల పిస్టల్‌వి పోపిచ్చిన. సైజు ఒక్కటే గదా!"

 స్కోరు పడిపోతోందని ఈ ఆర్నెల్లలో భవిత రెండుసార్లు కళ్లద్దాలు మార్చింది. యమున ఆమె నిలబడే తీరునే మార్చేసింది.

యమున కుడివైపు కుప్పలోంచి వంద పెల్లెట్లు లెక్కపెట్టి ఆ పిల్ల చేతికిచ్చింది. ఎన్నడూ ఆరొందలు దాటని భవిత ఆ రోజు ఆరొందల యాభై నాలుగుకు ఆరొందల పందొమ్మిది కొట్టి జట్టులో మొదటి పేరయింది. కోడళ్లిద్దరూ ఈలలు వేశారు. యమున రిజిస్టరు తెచ్చి, స్టోరు తాళాలు ఇకపై బాలమల్లు దగ్గరే ఉంటాయని రాసి సంతకం చేసింది.

గెలిచినవాళ్లకు శాలువాలు కప్పాల్సిన సెక్రటరీకి మాత్రం, సరిగ్గా అప్పుడే ఒక ప్లాటు హద్దులు చూడాల్సిన అర్జెంటు పని తగిలింది.